పగడాల కింద కొండ

స్నార్కెలింగ్‌కి ఏ దీవి బాగుంటుందని ఈ రోజుల్లో ఎవరిని కదిపినా ఒక జాబితా చదివేస్తారు. మాల్దీవులంటారు, బాలి అంటారు, బడ్జెట్ చూసుకునేవాళ్లు అండమాన్ అంటారు. ఫైనల్ ఇయర్ వాళ్ల ట్రిప్పు ప్లాన్ల పుణ్యమా అని మా హాస్టల్లో ఈ చర్చ ప్రతి ఏడాదీ నడుస్తుంది. నన్నడిగితే మూడు పేర్లు చెబుతాను. పసిఫిక్‌లో మూరియా, హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవులు, ఆ తర్వాత మారిషస్. ఈ మూడింటిలో నేను ఒక్కటి కూడా చూడలేదు. దాదాపు 190 ఏళ్ల కిందట ఇదే వరుసలో వాటిని చూసొచ్చిన ఒక కుర్రాడి మాట నమ్మి చెబుతున్నాను.

అతని దగ్గర మాస్కు లేదు, గొట్టం లేదు, ఫిన్స్ లేవు. పైగా ఓడ కాస్త ఊగితే చాలు, కడుపులో తిప్పి పడుకునే రకం. అయినా నీళ్ల పైన నిలబడి, కింద వేల అడుగుల లోతున ఏముందో లెక్కగట్టి చెప్పాడు. ఆ లెక్క సరైందని తేలడానికి 100 ఏళ్లకు పైనే పట్టింది.

ఆ కుర్రాడు చార్లెస్ డార్విన్. మనకి డార్విన్ అంటే బయాలజీ పుస్తకంలోని తెల్లగడ్డం తాత, పక్కన ఒక కోతి బొమ్మ. కానీ ఆ గడ్డం రాకముందు, పరిణామ సిద్ధాంతం గురించి లోకానికి ఒక్క ముక్క కూడా చెప్పకముందు, అతనికి శాస్త్రవేత్తల్లో పేరు తెచ్చినవాటిలో పగడాల దిబ్బల సిద్ధాంతం ముఖ్యమైంది. ఆ డార్విన్ గురించే ఈ వ్యాసం.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ పేరున్న డాక్టరు, తాత కూడా డాక్టరే. ఎనిమిదేళ్ల వయసులో తల్లి పోయింది. డాక్టర్ల ఇంట్లో పుట్టిన పిల్లాడి భవిష్యత్తు ఎవరు నిర్ణయిస్తారో మనకెవరూ చెప్పక్కర్లేదు. 16 ఏళ్లకే ఎడిన్‌బరోలో మెడిసిన్‌లో చేర్పించారు. అప్పటికి మత్తుమందు లేదు. రెండు ఆపరేషన్లు చూశాడు, అందులో ఒకటి పసిపిల్లాడికి. సగంలోనే బయటికి పరుగెత్తాడు, మళ్లీ ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. రెండేళ్లకి చదువు మానేశాడు.

వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప మరేదీ పట్టని ఈ కొడుకు ఇంటికి తలవంపులు తెస్తాడని తండ్రి ఒకసారి అనేశాడు. ఆ మాట డార్విన్ ముసలితనంలో కూడా మర్చిపోలేదు. డాక్టరు కాకపోతే చర్చిలో పాదిరీ అయినా అవుతాడని కేంబ్రిడ్జ్‌కి పంపారు. అక్కడా క్లాసుల కంటే పేడపురుగుల్లాంటి పెంకు పురుగుల్ని పోగుచేయడమే ఎక్కువ. కానీ హెన్స్‌లో అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ ఆ పురుగుల పిచ్చిలో ఏదో చూశాడు, సాయంత్రాలు తనతో పాటు నడకకి తీసుకెళ్లాడు. సెజ్‌విక్ అనే మరో ప్రొఫెసర్ 1831 వేసవిలో వేల్స్ కొండలకి తీసుకెళ్లి రాళ్లని ఎలా చదవాలో చూపించాడు. సిలబస్‌లో లేని ఆ రెండు సంగతులే చివరికి అక్కరకొచ్చాయి.

అదే ఏడాది ఆగస్టు చివర్లో ఒక ఉత్తరం వచ్చింది. బీగిల్ అనే సర్వే ఓడ దక్షిణ అమెరికా తీరాల మ్యాపులు గీయడానికి బయల్దేరుతోంది, కెప్టెన్‌కి తోడుగా ప్రకృతి శాస్త్రం తెలిసిన యువకుడు కావాలి, జీతం ఉండదు. తండ్రి ససేమిరా అన్నాడు. అయితే తెలివున్న మనిషి ఎవరైనా ఈ ప్రయాణం మంచిదంటే ఒప్పుకుంటానని ఒక్క సందు మాత్రం వదిలాడు. డార్విన్ తండ్రి అభ్యంతరాలన్నీ కాగితం మీద రాశాడు. మొత్తం ఎనిమిది. ఆ కాగితం మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ చేతిలో పెట్టాడు. మేనమామ ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు రాసి పంపాడు. తండ్రి మెత్తబడ్డాడు, ఖర్చులు కూడా తనే పెట్టుకున్నాడు. మన ఇళ్లలో కూడా ఇలాంటి పనులు మేనమామలే కదా చక్కబెట్టేది!

ఇంకో గండం కెప్టెన్ ఫిట్జ్‌రాయ్. మనిషి ముక్కు చూసి గుణం చెప్పొచ్చని నమ్మేవాడు. డార్విన్ ముక్కు అతనికి నచ్చలేదు, అంత దూరం ప్రయాణానికి తగ్గ పట్టుదల ఆ ముక్కులో కనిపించలేదు. ఎలాగో సర్దుకున్నాడు. 1831 డిసెంబర్ 27న ఓడ కదిలింది. డార్విన్‌కి అప్పటికి 22 ఏళ్లు. రెండేళ్లనుకున్న ప్రయాణం దాదాపు ఐదేళ్లు సాగింది. మొదటి రోజుల్లో మొదలైన వాంతులు చివరి రోజుల దాకా వదల్లేదు.

ఓడలో అతని చేతికి వచ్చిన పుస్తకం చార్లెస్ లైల్ రాసిన భూగర్భశాస్త్ర గ్రంథం మొదటి సంపుటం. ఇచ్చింది ఫిట్జ్‌రాయే. భూమి రూపం ఒక్క ప్రళయంతో మారిపోదు, రోజూ కంటికి కనిపించే చిన్న చిన్న మార్పులే కోట్ల ఏళ్లలో కొండలు లేపుతాయి, లోయలు తవ్వుతాయి అన్నది అందులోని సారాంశం. డార్విన్ ఆ కళ్లజోడు పెట్టుకునే దక్షిణ అమెరికా అంతా చూశాడు.

1835 ఫిబ్రవరి 20న చిలీలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ సమయానికి డార్విన్ వాల్డీవియా దగ్గర అడవిలో నేల మీద పడుకుని ఉన్నాడు. కొద్దిరోజుల తర్వాత కన్‌సెప్సియాన్ ఊరికి వెళ్తే ఊరు లేదు, రాళ్ల గుట్టలున్నాయి. దానికంటే అతన్ని ఎక్కువ ఆలోచనలో పడేసింది సముద్రపు ఒడ్డు. దగ్గర్లోని ఒక దీవిలో ఆల్చిప్పలు రాళ్లకి అంటుకునే ఉన్నాయి, కానీ అలలు అందని ఎత్తులో చచ్చి కుళ్లుతున్నాయి. అంటే నేల పైకి లేచింది, అదీ ఒక్క పూటలో. ఆండీస్ కొండల్లో ఎంతో ఎత్తున సముద్రపు గవ్వలు కూడా చూశాడు. ఈ ఖండం మెల్లగా లేస్తూ ఉందని అతనికి గట్టిపడింది.

ఇక్కడే అతని బుర్ర ఒక గెంతు గెంతింది. ఒకచోట నేల లేస్తుంటే మరోచోట కుంగాలి కదా? పక్కనే ఉన్న పసిఫిక్ అడుగు కుంగుతుంటే అక్కడి దీవులు ఏమవుతాయి? వాటి చుట్టూ ఉన్న పగడాలు ఏమవుతాయి? అప్పటికి అతను ఒక్క అసలైన పగడాల దిబ్బని కూడా కళ్లతో చూడలేదు. సిద్ధాంతం ముందు వచ్చింది, సైట్ విజిట్ తర్వాత.

ఆ గెంతు అర్థం కావాలంటే పగడం సంగతి కొంచెం చెప్పుకోవాలి. పగడం రాయి కాదు, మొక్క కాదు, చిన్న జంతువు. పాలిప్ అంటారు. సముద్రంలోని సున్నాన్ని తీసుకుని తన కింద తనే రాతి గూడు కట్టుకుంటుంది. ఒకటి పోతే దాని గూడు మీద మరొకటి. ఇలా లక్షల గూళ్లు పేరుకుంటే దిబ్బ. ఈ దిబ్బలు కట్టే పగడాలు వెలుతురు అందే లోతులోనే బతుకుతాయి. వాటి ఒంట్లో ఉండే నాచులాంటి సూక్ష్మజీవులు ఎండతో తిండి తయారుచేసి పెడతాయి. ఈ నాచు సంగతి డార్విన్ కాలానికి తెలియదు కానీ, లోతుకి పోతే ఆ పగడాలు ఉండవని మాత్రం తెలుసు.

మరి నడిసముద్రంలో, చుట్టూ అడుగు దొరకని లోతులో, గాజు గాజులా గుండ్రంగా తేలే పగడాల దీవులు ఎక్కడి నుంచి వచ్చాయి? మధ్యలో లోతులేని లగూన్, చుట్టూ సన్నటి ఇసుక, బయట అగాధం. వీటిని అటాల్ అంటారు. నీటిలో మునిగిన అగ్నిపర్వతాల నోళ్ల అంచుల మీద పగడాలు పెరగడం వల్లే ఆ గుండ్రటి ఆకారం వచ్చిందని లైల్ అనుకున్నాడు. డార్విన్‌కి అది మింగుడుపడలేదు. ముప్పై, నలభై మైళ్ల వెడల్పున్న అగ్నిపర్వతపు నోళ్లు, అవన్నీ కొలిచి కోసినట్టు నీటి మట్టానికి కొంచెం కింద ఆగిపోవడం ఎలా కుదురుతుంది?

1835 నవంబర్ 15న బీగిల్ తాహితీ చేరింది. రెండు రోజుల తర్వాత కొండ ఎక్కి పడమటికి చూస్తే, ఇప్పుడు మూరియా అంటున్న దీవి కనిపించింది. మధ్యలో కోసుగా నల్లటి కొండ, చుట్టూ నిశ్చలంగా ఆకుపచ్చ లగూన్, దాని అంచున తెల్లగా విరిగే అలల గీత. ఫ్రేము కట్టిన పటంలా తోచింది అతనికి. ఆ పటంలోంచి కొండ ఒక్కటీ నీళ్లలోకి దిగిపోతే మిగిలేది లగూన్, చుట్టూ గాజు. అంటే అటాల్. తర్వాత చిన్న పడవ ఎక్కి తాహితీ దిబ్బ మీద తిరిగి, కొమ్మలు కొమ్మలుగా ఉన్న పగడాల్ని చూశాడు.

ఈ రోజు మూరియా లగూన్‌లో స్నార్కెల్ చేసేవాళ్లకి తిరండి చేపలు, నల్లంచు రెక్కల చిన్న సొరచేపలు నడుము లోతు నీళ్లలోనే కనిపిస్తాయి. దిబ్బ ఒడ్డుకి దూరంగా గోడలా నిలబడి అలల్ని ఆపేస్తుంది కాబట్టి లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. దీన్నే బారియర్ రీఫ్ అంటారు. ఒక్క జాగ్రత్త. లోపలికి వచ్చిన నీళ్లన్నీ ఆ గోడలోని సందుల్లోంచే బయటికి పోవాలి. ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు, సందు దగ్గర వేగం ఎలా ఉంటుందో. అటు వైపు పోకూడదు.

1836 ఏప్రిల్ 1న బీగిల్ కోకోస్ దీవులు చేరింది. వీటినే కీలింగ్ దీవులని కూడా అంటారు. సుమత్రాకి నైరుతి దిక్కున, నడి సముద్రంలో ఉన్న అటాల్. డార్విన్ తన జీవితంలో కాలుపెట్టి పరిశీలించిన అటాల్ ఇదొక్కటే, దొరికింది 12 రోజులు. ఆ 12 రోజులూ ఒక్క నిమిషం వృథా చేసినట్టు కనిపించదు.

నీళ్లలోకి నడుచుకుంటూ వెళ్లాడు. గెడకర్ర ఆసరాతో పగడాల మీదుగా గెంతుతూ, అలలు విరిగే బయటి అంచు దాకా చేరాడు. బతికున్న పగడాలు ఎక్కువ అలల దెబ్బ తగిలే ఆ బయటి వైపే ఉన్నాయని గమనించాడు. పగడాల్ని కొరికి తినే చిలకచేపల కడుపు కోయించి, లోపల సున్నపు పిండి ఉందని చూశాడు. స్నార్కెల్ చేసేటప్పుడు చెవుల్లో కరకరమని ఒక శబ్దం వినిపిస్తుందే, చాలాసార్లు అది ఈ చేపలు పగడాన్ని కొరుకుతున్న చప్పుడే. మనం వెల్లకిలా పడుకుని సెల్ఫీలు దిగే తెల్లటి ఇసుకలో బోలెడంత వాటి కడుపులోంచి వచ్చిందే.

మండే పగడాన్ని కూడా పరీక్షించాడు. ముట్టుకుంటే దురదగొండిలా మండుతుందని విని, మాట నమ్మి ఊరుకోలేదు, కొమ్మ తెచ్చి మొహానికి, చేతికి రుద్దుకున్నాడు. మండింది. నోట్సు రాసుకున్నాడు. ఈ ప్రయోగం మీరు మళ్లీ చేయక్కర్లేదు. ఆవాల రంగులో, నున్నగా, చివర్లు తెల్లగా ఉండే కొమ్మలు కనిపిస్తే దూరంగా ఉంటే చాలు.

లగూన్‌లో తాబేళ్ల వేట చూశాడు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, పడవ ముందు భాగంలో నిలబడినవాడు తాబేలు వెనకే పడవని నడిపించి, సమయం చూసి దాని వీపు మీదకి దూకి మెడ దగ్గర పట్టుకునేవాడట. అక్కడి కొబ్బరి తోటల్లో పనిచేసే మలయ్ కూలీల్ని కూడా చూశాడు. పేరుకి స్వేచ్ఛే కానీ, చాలా విషయాల్లో బానిసల్లాగే ఉన్నారని రాసుకున్నాడు. బానిసత్వం పేరెత్తితే అతనికి ఒళ్లు మండేది. బ్రెజిల్‌లో ఉన్నప్పుడు ఇదే విషయం మీద కెప్టెన్‌తో గొడవపడితే, ఓడ దిగిపోవాల్సి వస్తుందేమో అన్నంత దూరం వెళ్లింది. కోకోస్ మలయ్‌ల వారసులు ఈ రోజుకీ అక్కడి హోమ్ ఐలాండ్‌లో ఉన్నారు. 1984లో ఓటు వేసి ఆస్ట్రేలియాతో పూర్తిగా కలిశారు.

నీటి అడుగున వేయి అందాలు, రత్నాల గుహలు అని వర్ణించే రచయితల్ని చూస్తే డార్విన్‌కి కొంచెం అతిగా అనిపించింది. రంగులు బాగున్నాయి, అంతే. అతన్ని నిలబెట్టేసింది వేరే సంగతి. ఆకాశమంత అలలు రాత్రీ పగలూ వచ్చి గుద్దుతున్నాయి. గట్టి రాయి అయినా ఎప్పుడో అరిగి పోయేది. ఇక్కడ మాత్రం వేలి గోరంత లేని మెత్తటి జీవులు విరిగినచోట మళ్లీ కట్టుకుంటూ ఆ అలల్ని ఆపుతున్నాయి. మనుషులు కట్టిన పిరమిడ్లు ఈ గుట్టల ముందు ఏపాటివని అనుకున్నాడు.

చివరికి కావలసింది కొలత. ఇక్కడ ఫిట్జ్‌రాయ్ సాయం లేకపోతే పని జరిగేది కాదు. సీసపు గుండు అడుగున కొవ్వు రాసి, తాడు కట్టి దింపారు. దిబ్బ బయటి వైపున పది బారల లోతు దాకా ఆ కొవ్వు మీద బతికున్న పగడాల అచ్చులే పడ్డాయి. ఇంకా లోతుకి పోయే కొద్దీ పగడం తగ్గి ఇసుక అంటుకుంది. ఇరవై బారలు దాటాక దాదాపు అంతా ఇసుకే. ఒడ్డు నుంచి 2,200 గజాల దూరంలో 7,200 అడుగుల తాడు దింపినా అడుగు అందలేదు. పది ఇరవై బారల్లో మాత్రమే బతికే జీవి, 7,200 అడుగులకి కూడా అడుగు అందని చోట దీవి కట్టింది. పునాది కుంగిపోతేనే ఇది కుదురుతుంది.

సివిల్ వాళ్లకి ఇలా చెబితే వెంటనే తడుతుంది. పునాది ఏటా కొంచెం కుంగిపోతున్న బిల్డింగ్ ఉందనుకోండి. లోపల ఉన్నవాళ్లు మునిగిపోకుండా ఉండాలంటే కుంగినంత మేర పైన కట్టుకుంటూ పోవాలి. పగడాలు చేసింది అదే. అగ్నిపర్వతపు దీవి కుంగుతుంది, పగడాలు వెలుతురు వదలకుండా పైకి కడుతూ పోతాయి. మొదట దిబ్బ ఒడ్డుని అంటుకుని ఉంటుంది. దీవి కుంగే కొద్దీ ఒడ్డు లోపలికి జరుగుతుంది, దిబ్బ ఉన్నచోటే పైకి పెరిగి మధ్యలో లగూన్ పడుతుంది. చివరికి కొండ శిఖరం కూడా మునిగిపోతే ఉంగరం ఒక్కటే మిగులుతుంది.

మూడో మజిలీ మారిషస్. ఏప్రిల్ 29న చేరి మే 9 దాకా ఉన్నారు. ఇక్కడ దిబ్బ చాలావరకు ఒడ్డుకి దగ్గర్లోనే దీవిని చుట్టి ఉంటుంది. అంటే వరుసలో మొదటి దశ. ఆగ్నేయాన ఉన్న బ్లూ బే మెరైన్ పార్కు ఈ రోజు మారిషస్‌లో స్నార్కెలింగ్‌కి పేరున్న చోటు. డార్విన్ అక్కడి సర్వేయర్ జనరల్ గారి ఏనుగెక్కి ఊరేగాడు, దీవి మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క ఏనుగే. ఇండియా నుంచి యావజ్జీవ శిక్ష పడి వచ్చి రోడ్లు వేస్తున్న ఖైదీల్ని పోర్ట్ లూయిస్‌లో చూశాడు. వాళ్ల ఠీవి చూసి ఆశ్చర్యపోయాడు. సరిగ్గా ఆ కాలంలోనే చెరకు తోటలకి మన కూలీల్ని తీసుకెళ్లడం మొదలైంది. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగివాళ్లనే పిలిచేవారు.

అతను చూసిన వరుసకి పగడాల వయసు వరుస అడ్డదిడ్డంగా ఉంది. మారిషస్ బాల్యం, మూరియా నడివయసు, కోకోస్ ముసలితనం. కోట్ల ఏళ్ల కథని ఆరు నెలల్లో మూడు ఫోటోలుగా చూసి, వాటిని సరైన క్రమంలో పేర్చాడు. ఒక దీవి ముసలిదయ్యేదాకా ఎవరూ కూర్చుని చూడలేరు కాబట్టి, వేర్వేరు వయసుల దీవుల్ని పక్కపక్కన పెట్టి చూడటం తప్ప మరో దారి లేదు.

1836 అక్టోబర్ 2న ఇంగ్లండ్ చేరాడు. లైల్‌కి సంగతి చెప్పాడు. తన సిద్ధాంతం కూలిపోతోందని తెలిసినా లైల్ సంతోషం పట్టలేక గంతులేశాడట. 1837 మేలో లండన్ జియలాజికల్ సొసైటీలో ఆ పేపరు చదివాడు. 1842లో పుస్తకం వచ్చింది. అందులో తను చూసిన మూడు చోట్లే కాదు, మోర్స్‌బీ అనే నౌకాదళ సర్వేయర్ గీసిన మాల్దీవులు, చాగోస్ పటాల్ని, దొరికిన ప్రతి నావికుడి లెక్కల్ని వాడుకుని, ప్రపంచ పటం మీద మూడు రకాల దిబ్బలకి మూడు రంగులు వేశాడు. అప్పటికే ఎమ్మాతో పెళ్లయింది, తెలియని జబ్బు మొదలైంది. చాలా రోజులు పనిచేయలేని స్థితి. అదే ఏడాది డౌన్ అనే పల్లెకి మారాడు, మిగిలిన 40 ఏళ్లూ అక్కడే. మళ్లీ ఎప్పుడూ సముద్ర యాత్ర చేయలేదు, ఇంకో పగడాల దిబ్బ చూడలేదు.

1859లో జాతుల పుట్టుక మీద పుస్తకం వచ్చాక లోకం అతన్ని వేరేగా గుర్తుపెట్టుకుంది. పగడాల మాట వెనక్కి పోయింది. ముసలితనంలో ఆ సిద్ధాంతానికే ఎసరొచ్చింది. చాలెంజర్ నౌకలో లోకమంతా తిరిగొచ్చిన జాన్ ముర్రే 1880లో కుంగుబాటు అక్కర్లేదన్నాడు. సముద్రపు అడుగున మట్టి, గుల్లలు పేరుకుని గుట్టలైతే వాటి మీదే పగడాలు పెరగొచ్చన్నాడు. డార్విన్ కోపగించుకోలేదు. తను తప్పయితే తేలిపోవాలనే కోరుకున్నాడు. అలెగ్జాండర్ అగాసీకి 1881లో రాసిన ఉత్తరంలో తన కోరిక చెప్పాడు. బాగా డబ్బున్న కోటీశ్వరుడెవరైనా పసిఫిక్, హిందూ మహాసముద్రపు అటాల్స్ మీద ఐదారు వందల అడుగులు బోరు వేయించి, ఆ మట్టి తెచ్చిపెడితే బాగుండునన్నాడు. మరుసటి ఏడాది, 1882 ఏప్రిల్ 19న కన్నుమూశాడు. బోరు పడలేదు.

1896 నుంచి 1898 దాకా ఫునాఫుటి అటాల్‌లో తవ్వారు. 1,114 అడుగులు దిగినా ఇంకా సున్నపురాయే, కింద కొండ తగల్లేదు. రెండు పక్షాలూ గెలిచామనే అన్నాయి. చివరికి డబ్బు వచ్చింది ఏ కోటీశ్వరుడి నుంచీ కాదు, బాంబుల ఖాతాలోంచి. మార్షల్ దీవుల్లోని ఎనెవెటాక్ అటాల్‌లో అమెరికా అణు పరీక్షలు చేస్తూ, నేల స్వభావం తెలుసుకోవడానికి 1952లో బోర్లు వేసింది. 1,200 మీటర్లకి పైగా పగడాల సున్నపురాయి. దాని కింద నల్లటి బసాల్ట్, అగ్నిపర్వతపు రాయి. నీటి అంచున బతికే జీవులు కట్టిన రాయి అంత లోతున ఉందంటే, ఆ కొండ అంతా కుంగిందన్నమాటే. డార్విన్ పోయి అప్పటికి 70 ఏళ్లు. అదే ఏడాది నవంబర్ 1న అదే అటాల్‌లో మొదటి హైడ్రోజన్ బాంబు పేల్చారు. ఎలుగెలాబ్ అనే దీవి మొత్తం ఆవిరైపోయింది. కోట్ల ఏళ్లు పగడాలు కట్టింది ఒక్క ఉదయంలో పోయింది. ఈ రెండు సంగతులూ ఒకే అటాల్‌లో ఒకే ఏడాది జరిగాయని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

కొండ ఎందుకు కుంగుతుందో డార్విన్ చెప్పిన కారణం సరిపోలేదు. భూఫలకాలు కదులుతాయని, అగ్నిపర్వతం నుంచి దూరంగా జరిగే కొద్దీ సముద్రపు అడుగు చల్లబడి దిగిపోతుందని తెలిసింది 1960లలో. అందులో మనకీ వాటా ఉంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమి మీద లావా పొంగించిన నిప్పుల ఊటే, భారతదేశం ఉత్తరానికి జరుగుతుంటే వెనకాల లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ వరుసకి పునాది వేసింది, ఆ తర్వాత మారిషస్‌ని కూడా లేపింది. ఆదిలాబాద్ నల్లరాయి, గోదావరి జిల్లా గౌరీపట్నం క్వారీల్లో పగలగొట్టే కంకర, లక్షద్వీప్ పగడాల కింద దాగున్న కొండ, అన్నీ ఒకే పొయ్యి మీద వండినవే.

కాబట్టి డార్విన్ వరుస చూడటానికి మనం తాహితీ దాకా పోనక్కర్లేదు. అండమాన్‌లో దిబ్బలు ఎక్కువగా ఒడ్డుని అంటుకున్నవి. హ్యావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్, వండూరు దగ్గర మెరైన్ నేషనల్ పార్కులోని జాలీ బాయ్ మన సీనియర్లు వెళ్లే చోట్లే. లక్షద్వీప్‌లో బంగారం, కద్మత్, అగత్తి అటాల్ దశ. అక్కడికి పర్మిట్ కావాలి, కొంచెం తిరగాలి, కానీ లగూన్ మధ్యలో మొహం నీళ్లలో పెట్టినప్పుడు మీరు ఉన్నది మునిగిపోయిన కొండ నెత్తి మీద. బయటి అంచు దగ్గర అడుగు ఒక్కసారిగా నీలంలోకి జారిపోయే చోట ఫిట్జ్‌రాయ్ తాడు గుర్తొస్తుంది.

అయితే ఈ కథలో కిటుకంతా వేగంలో ఉంది. కుంగేది మెల్లగా, కట్టేది దానికి తగ్గ వేగంతో. ఇన్ని కోట్ల ఏళ్లు ఆ పందెంలో పగడాలు గెలుస్తూ వచ్చాయి. ఇప్పుడు సముద్రం వేడెక్కుతోంది. మామూలు ఎండాకాలం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిచినా చాలు, పగడం తన ఒంట్లో తిండి పెట్టే నాచుని బయటికి తోసేస్తుంది, తెల్లబడిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో లక్షద్వీప్‌లో ఇదే జరిగింది. చచ్చిన పగడం కట్టదు. కట్టడం ఆగితే సముద్ర మట్టం పెరిగే కొద్దీ అలలు నేరుగా ఆ దీవుల మీదకే వస్తాయి. అక్కడ మనుషులున్నారు, స్కూళ్లున్నాయి, మంచినీళ్ల బావులున్నాయి.

అందుకే ఏ దీవి బాగుంటుందన్న ప్రశ్నకి నా జవాబు, ఇంకా కట్టుబడి సాగుతున్న దీవి. వెళ్లే ముందు ఆ ఏడాది అక్కడ పగడాలు తెల్లబడ్డాయేమో కనుక్కోండి. దిబ్బ మీద నిలబడకండి, ఒక అడుగుతో విరిగే కొమ్మ వెనక ఏళ్ల పని ఉంటుంది. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ తీయకండి, వచ్చినా ఒంటరిగా పోకండి. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు ఫుల్ చేతుల టీషర్టు వేసుకుంటే పగడాలకీ మేలు, మన జేబుకీ మేలు. ఇక నీళ్లలో చేపలు చూసి తనివి తీరాక, ఒక్క నిమిషం ఏ చేపనీ వెతక్కుండా అలాగే తేలండి. కరకరమని చిలకచేపల చప్పుడు వినిపిస్తుంటుంది. చెయ్యి చాచితే అందే దూరంలో పాలిప్స్ గూడు మీద గూడు కడుతూ ఉంటాయి, వాటి కింద డార్విన్ చూడకుండానే కనిపెట్టిన కొండ ఉంటుంది.